శుశ్రూషయు ప్రజ్ఞయు : ధర్మవ్యాధోపాఖ్యాన పరిశీలనం

సంస్కృతభాషలో విద్వాంసుని చెప్పే పదాలకు కొదువ లేదు. అమరసింహుడు నామలింగానుశాసనం ద్వితీయకాండలో, బ్రహ్మవర్గంలో, పండితునకు ఇరువదికి పైబడిన పర్యాయపదాలను కూర్చినాడు. వానిలో సుధీ, ధీమాన్, మనీషీ వంటివి బుద్ధిని బట్టి వచ్చినవి. దూరదర్శి, దీర్ఘదర్శి అన్నవి చూపును బట్టి వచ్చినవి. 'సన్' అన్నది మంచితనాన్ని బట్టి వచ్చినది. 'దోషజ్ఞ' అన్నది వీనినన్నిటినీ మించి ఆలోచింపజేసే పదం. తప్పును తప్పుగా గుర్తింపగలవాడు పండితుడని దాని అర్థం. గ్రంథాలెన్ని చదివినాడన్న లెక్కతో ఈ పదానికి సంబంధం లేదు. 'పండిత' శబ్దాన్ని వైయాకరణులు పాణిని 5-2-36 సూత్రంతో, తారకాదిగణంలోని పండా శబ్దంపై ఇతచ్ ప్రత్యయం చేర్చి సాధిస్తారు. పండా అనగా బుద్ధి. అది ఎవనికి పుట్టినదో వాడు పండితుడు. చెట్టుకు పూవు పుట్టినట్లు, ఆకాశంలో తారకలు పొడిచినట్లు, బుద్ధి కూడ ఒకనాడు పుట్టవలసినదే గాని పైనుండి తెచ్చి అతికింపదగినది కాదని ఈ గణపాఠమే సూచిస్తున్నది.

అదే కోశంలోని ధీవర్గంలో బుద్ధికి 14 పేర్లున్నవి. వెంటనే అమరసింహుడు ఒక విభాగం చేసినాడు. ధారణాశక్తి గల బుద్ధి మేధ; మోక్షవిషయకమైన బుద్ధి జ్ఞానం; శిల్పశాస్త్రాదులయందలి బుద్ధి విజ్ఞానం. అనగా గుర్తుంచుకొనుట వేరు, చేయ నేర్చుట వేరు, తరించుట వేరు అన్న వివేకం కోశకారునికే ఉన్నది. తెలుగులో ఈ విభాగం ఇంత స్పష్టంగా లేకపోయినా 'తెలివి' అన్న మాటలో మరొక సొగసు ఉన్నది. తెలి అనగా స్వచ్ఛమైనది, తెల్లనైనది. తెల్లవారుట, నీరు తేరి తెలియగుట, మూర్ఛనుండి తెలివి వచ్చుట, విషయం తెలియుట - ఇవన్నీ ఒక్క కుదుటినుండి వచ్చిన మాటలే. సంపాదించి కూడబెట్టుకొన్న వస్తువును ఈ మాట చెప్పదు. మబ్బు విడిన స్థితిని చెపుతుంది.

ప్రజ్ఞ ఎట్లు కలుగునన్న ప్రశ్నకు శాస్త్రగ్రంథాలలో దొరికే సమాధానాలు సాధారణంగా మెట్లరూపంలో ఉంటవి. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి ఉపదేశించిన శ్రవణ మనన నిదిధ్యాసనాలు సుప్రసిద్ధాలు. బౌద్ధులు ప్రజ్ఞను శ్రుతమయి, చింతామయి, భావనామయి అని మూడు విధాలుగా విభజించినారు. వసుబంధుని అభిధర్మకోశం ఈ విభాగాన్ని చర్చించినది. ఈ రెండు విభాగాలకూ గల పోలికపై ఇదివరకే చాలినంత చర్చ జరిగినది కనుక ఇక్కడ విస్తరింప బనిలేదు. వీనికంటె తక్కువగా చర్చకు వచ్చినది కౌటిలీయార్థశాస్త్రంలోని పట్టిక. మైసూరులో శామశాస్త్రిగారు 1909లో ప్రకటించినప్పటినుండి ఆ గ్రంథాన్ని రాజనీతికోసం చదివినవారే ఎక్కువ. బుద్ధివిచారం కోసం చదివినవారు తక్కువ. ఆరవ అధికరణంలో రాజునకు ఉండదగిన ప్రజ్ఞాగుణాలను చెపుతూ కౌటిల్యుడు ఎనిమిదింటిని వరుసగా పేర్కొన్నాడు: శుశ్రూష, శ్రవణం, గ్రహణం, ధారణం, విజ్ఞానం, ఊహ, అపోహ, తత్త్వాభినివేశం. వినగోరుట, వినుట, పట్టుకొనుట, నిలుపుకొనుట, విశేషించి తెలియుట, చెప్పనిదానిని ఊహించుట, సరికానిదానిని త్రోసిపుచ్చుట, తేలిన తత్త్వాన్ని విడువక అంటిపెట్టుకొనుట అని వీనిని స్థూలంగా తెలుగు చేయవచ్చు. మొదటి అధికరణంలో కూడ ఇవే వచ్చినవి. అక్కడ ఈ గుణాలతో కూడిన బుద్ధి గలవానినే విద్య తీర్చిదిద్దునుగాని ఇతరుని కాదని చెప్పబడినది. చదువు అందరినీ బాగుచేయునన్న భ్రమ కౌటిల్యునకు లేదు.

ఈ పట్టికలో రెండు విశేషాలు గమనింపదగినవి. ఒకటి, ధారణ నాల్గవ స్థానంలో ఉండుట. అవధానవిద్యను అభిమానించే తెలుగువారికి ధారణ అనగానే కార్యక్రమం చివర జరిగే ఘట్టం, సభ్యులు కరతాళధ్వనులు చేసే ఘట్టం గుర్తుకు వస్తుంది. కౌటిల్యుని లెక్కలో అది సగం దూరమే. పరీక్షాపత్రాలు కొలువగలిగినది కూడ చాలవరకు ఆ నాల్గవ మెట్టునే. రెండవ విశేషం, శ్రవణానికి ముందు శుశ్రూష ఉండుట. 'శ్రు' ధాతువుపై ఇచ్ఛార్థకమైన సన్ ప్రత్యయం చేరగా శుశ్రూష ఏర్పడినది. వినవలెనన్న కోరిక అని దాని అవయవార్థం. పాణిని 1-3-57 సూత్రంలో ఈ సన్నంతానికి ఆత్మనేపదం విధించినాడు. లోకంలో మాత్రం ఈ పదం సేవ అన్న అర్థంలో రూఢమైనది. తెలుగులో రోగికి చేసే ఉపచారమే శుశ్రూష. వినగోరుట సేవించుట ఎట్లయినది? ఒకరి మాట వినవలెనన్న తహతహ గలవాడు వారి దగ్గర కాచుకొని ఉండవలెను. వారి అవసరం కనిపెట్టవలెను. తన తొందరను అణచుకొనవలెను. గురుకులంలో శిష్యుడు చేసిన పని ఇదే. అర్థం మారినట్లు కనిపించినా నిజానికి ఒకే ప్రవృత్తికి గల లోపలి ముఖం కోరిక, వెలుపలి ముఖం సేవ.

ఈ రెండర్థాలనూ ఒక్కచోట నిలిపి చూపిన కథ మహాభారతం ఆరణ్యపర్వంలోని కౌశిక ధర్మవ్యాధోపాఖ్యానం. పుణెలోని భండార్కర్ ప్రాచ్యపరిశోధనసంస్థ పక్షాన సుక్తంకర్ పరిష్కరించి 1942లో వెలువరించిన ప్రతిలో ఇది 197వ అధ్యాయంనుండి 206వ అధ్యాయం వరకు ఉన్నది. తెలుగులో ఈ ఘట్టం ఎఱ్ఱాప్రెగ్గడ పూరించిన భాగంలో చేరినది. ఆయన అనువాదాన్ని మూలంతో పోల్చుట ప్రత్యేకవ్యాసానికి తగిన విషయం; ప్రస్తుత పరిశీలన సంస్కృతమూలానికి పరిమితం.

కథ అందరెరిగినదే అయినా కొన్ని వివరాలను నెమ్మదిగా చూడవలసి ఉన్నది. కౌశికుడు వేదాధ్యయనపరుడు, తపస్వి. చెట్టుక్రింద వేదం వల్లిస్తుండగా పైనున్న ఆడకొంగ అతనిపై రెట్ట వేసినది. కోపంతో చూచినాడు, అది చచ్చి పడినది. వెంటనే జాలిపడినాడు, తాను చేయరాని పని చేసినానని చింతించినాడు కూడ. ఈ పశ్చాత్తాపాన్ని చాలామంది పాఠకులు గమనింపరు. కౌశికుడు దుష్టుడు కాడు. తప్పు చేసిన పిదప తెలిసికొనగలడు, చేయకముందు తెలిసికొనలేడు. ఆ మధ్యనున్న రెప్పపాటు కాలమే కథకు వస్తువు.

ఆ తరువాత ఊరిలోనికి భిక్షకు వెళ్లినాడు. ఒక ఇల్లాలు నిలువుమని చెప్పి పాత్ర కడుగుతుండగా ఆమె భర్త ఆకలితో వచ్చినాడు. ఆమె భర్తకు కావలసినవన్నీ అమర్చి, అప్పుడు బ్రాహ్మణుడు గుర్తుకు రాగా సిగ్గుపడి భిక్ష తెచ్చినది. అంతవరకు నిలువబెట్టినందుకు కౌశికుడు మండిపడినాడు. ఆమె భయపడలేదు. తాను కొంగను కానని అన్నది. అడవిలో ఒంటరిగా జరిగినదానిని ఆమె ఎట్లెరిగినదన్న ఆశ్చర్యం మీదనే శ్రోతల దృష్టి నిలుస్తుంది. ఆమె తరువాత అన్న మాట అంతకంటె విలువైనది. అతడు ధర్మం తెలిసినవాడే, స్వాధ్యాయనిరతుడే, శుచియే, అయినా ధర్మాలను తత్త్వతః ఎరుగడని తనకు తోచుచున్నదని ఆమె చెప్పినది. ధర్మజ్ఞుడు అంటూనే ధర్మతత్త్వం తెలియదనుట పైకి విరుద్ధంగా కనిపిస్తుంది. కౌటిల్యుని పట్టికతో పోల్చిన విరోధం తొలగిపోతుంది. గ్రహణధారణాలు అతనికి ఉన్నవి. ఎనిమిదవదైన తత్త్వాభినివేశం లేదు. అమరం చెప్పిన దోషజ్ఞత ఆ ఇల్లాలిలో ఉన్నది. ఎదుటివాని దోషం తెలిసికూడ దానిని ఎత్తిపొడవక, ఉన్న గుణాలను ముందు చెప్పి, లోపాన్ని 'నాకు తోచుచున్నది' అన్న వినయంతో చెప్పి, పోవలసిన చోటు చూపినది. తనకు తెలిసినంత తాను చెప్పి మిగిలినదానికి మిథిలలోని వ్యాధుని వద్దకు పంపుట కూడ ప్రాజ్ఞుల పద్ధతియే.

కౌశికుడు అడవులు, పల్లెలు, పట్టణాలు దాటి జనకుని మిథిలకు చేరినాడు. ధర్మవ్యాధుడు మాంసవిక్రయస్థానంలో లేడిమాంసం, దున్నమాంసం అమ్ముతున్నాడు. కొనేవారు మూగి ఉన్నారు. కౌశికుడు ఒకప్రక్కగా నిలిచినాడు. ఈ చిన్న వాక్యం దగ్గర పాఠకుడు కూడ ఒకక్షణం ఆగవలెను. గృహస్థురాలి వాకిట నిలువలేక మండిపడినవాడు, కసాయి అంగడి ముందర ఎవరూ అడుగకుండానే నిలిచి ఉన్నాడు. వ్యాధుడు ఇంకను ఒక్క మాటయైనా చెప్పలేదు. శ్రవణం ఇంకను మొదలు కాలేదు. కాని శుశ్రూష పుట్టినది. కవి దానిని ఏ విశేషణంతోను చెప్పక, ఆ నిలుచుండుటతోనే చెప్పినాడు.

వ్యాధుడు తానై లేచి వచ్చి నమస్కరించి, ఆ పతివ్రత పంపగా వచ్చినావు గదా అన్నాడు. ఇది రెండవ ఆశ్చర్యం. ఇంటికి తీసుకొని వెళ్లి ఆసనమిచ్చినాడు. ఈ ఘోరకర్మ నీకు తగదని కౌశికుడు మొదటనే అన్నాడు. సమాధానంలో వ్యాధుడు తన వృత్తి తాతతండ్రులనాటినుండి వచ్చినదని, తాను ప్రాణులను చంపడని, ఇతరులు చంపిన మాంసాన్ని అమ్ముతాడని, తాను మాంసం తినడని, పెద్దలను సేవిస్తాడని, సత్యం పలుకుతాడని, శక్తికొలది ఇస్తాడని, దేవతలు, అతిథులు, పోష్యవర్గం తినగా మిగిలినది తింటాడని చెప్పినాడు. ఇంతవరకు సమర్థనవలె కనిపిస్తుంది. కాని మరికొంతదూరం వెళ్లగానే, తాను చేసే కర్మ ఘోరమే, అందులో సందేహం లేదని తానే ఒప్పుకొన్నాడు. నాగలితో దున్నేవాడు భూమిలోని ప్రాణులను చంపుతున్నాడనీ, ధాన్యపు గింజలూ జీవాలేననీ, నడిచేవాని పాదం క్రింద ఎన్ని చచ్చునో ఎవరు లెక్కింతురనీ అతడు చేసిన హింసాహింసావిచారం చాలమంది విమర్శకులకు వాదచాతుర్యంగా తోచినది. ఆ అభిప్రాయం అంగీకరింపదగినదిగా లేదు. వాదచాతుర్యమే అయితే తన పని నిర్దోషమని ముగియవలెను. అట్లు ముగియలేదు. ఎవడూ సర్వథా అహింసకుడు కాడు, కొందరు యత్నించి తగ్గించుకొంటారు అన్నంతవరకే అతడు చెప్పినాడు. తన చేతిపనిలోని దోషాన్ని తక్కువచేసి చూడకుండుట, దానిని చూచి కుంగిపోకుండుట - ఈ రెండూ ఒకరియందే ఉండుట అరుదు. దోషజ్ఞ శబ్దానికి ఇల్లాలు ఒక వ్యాఖ్యానమైతే, వ్యాధుడు మరొక వ్యాఖ్యానం. ఆమె ఇతరుని దోషం ఎరిగినది, ఇతడు తన దోషం ఎరిగినాడు.

ధర్మం, శిష్టాచారం, కర్మఫలం, ఇంద్రియనిగ్రహం, గుణత్రయం - ఇట్లు అనేక విషయాలు చెప్పిన పిమ్మట వ్యాధుడు ఉపదేశం ఆపి, తన ప్రత్యక్షధర్మాన్ని చూడుమని లోపలికి పిలిచినాడు. మంచి ఇంటిలో, భోజనం చేసి, తెల్లని వస్త్రాలు కట్టుకొని, ఉత్తమాసనాలపై కూర్చున్న ముసలి తల్లిదండ్రులు అక్కడ ఉన్నారు. వ్యాధుడు వారి పాదాలపై తల ఉంచినాడు. వీరే తనకు దైవమని, తనకు అగ్నులూ యజ్ఞాలూ నాలుగు వేదాలూ వీరేనని చెప్పినాడు. ఆ తరువాతి మాట ముఖ్యం. ఈ శుశ్రూషయే తన తపస్సనీ, దానిబలంచేతనే తనకు చూపు కలిగినదనీ, ఆ ఇల్లాలు ఇచటికి పంపుటకు కారణం అదేననీ స్పష్టంగా చెప్పినాడు. వెంటనే కౌశికుని అసలు దోషం బయటపడినది. అతడు తల్లిదండ్రుల అనుమతి లేకుండ ఇల్లు విడిచినాడు. ఎందుకు? వేదాధ్యయనం కోసం. ఆ ముసలివారు ఆ దుఃఖంతో గ్రుడ్డివారైనారు. కొంగ విషయం చిన్నది. అతని చదువంతా తీర్చని ఋణం మీద కట్టిన కట్టడం. శ్రవణం కోసం శుశ్రూషను తెగనరికి వచ్చినవాడు అతడు.

ఇంతవరకు కథ ఒకే త్రోవన నడిచినది. చిక్కు ఆ తరువాత వచ్చినది. వ్యాధుడు తన పూర్వజన్మవృత్తాంతం చెప్పినాడు. అతడు పూర్వం వేదవేదాంగాలు చదివిన బ్రాహ్మణుడు. ధనుర్వేదం నేర్చిన రాజుతో చెలిమివల్ల తానూ విల్లు పట్టినాడు. వేటలో అతడు విడిచిన బాణం ఒక ఋషికి తగిలినది. ఋషి వ్యాధుడవై పుట్టుమని శపించినాడు. వేడుకొనగా అనుగ్రహించి, ధర్మజ్ఞుడవౌతావనీ పూర్వజన్మస్మృతి ఉంటుందనీ శాపాంతంలో మరల ద్విజత్వం వస్తుందనీ చెప్పినాడు. ఈ వృత్తాంతం చదివినవానికి సహజంగా ఒక సందేహం కలుగుతుంది. వ్యాధుని ప్రజ్ఞ పూర్వజన్మలోని వేదవిద్యయొక్క శేషమా? అట్లైన, ఇంతసేపూ చెప్పిన మాతాపితృశుశ్రూష అంతా ఉపచారమాత్రమేనా?

శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యంలో, అపశూద్రాధికరణం చివర, 1-3-38 సూత్రవ్యాఖ్యలో విదుర ధర్మవ్యాధుల పేర్లు ఎత్తినారు. పూర్వకృతసంస్కారంవల్ల జ్ఞానం పుట్టిన అట్టివారికి ఫలప్రాప్తిని ఎవరూ వారింపజాలరని అక్కడ నిర్ణయించినారు. ఇతిహాసపురాణశ్రవణంలో నాలుగు వర్ణాలవారికీ అధికారం ఉన్నదని కూడ అక్కడే చెప్పినారు. సంప్రదాయపండితులు ఉపాఖ్యానాన్ని చాలవరకు ఈ భాష్యవాక్యం వెలుగులోనే చదివినారు. అయితే భాష్యకారుల ప్రకరణం వేదాధ్యయనాధికారవిచారం, ఉపాఖ్యానవ్యాఖ్యానం కాదు. అధికారచర్చలో ఎదురైన రెండు ప్రసిద్ధదృష్టాంతాలకు సమాధానం చెప్పుట అక్కడ ప్రయోజనం. ఆ సమాధానాన్ని తెచ్చి ఉపాఖ్యానమంతటికీ తాత్పర్యంగా నిలుపుట న్యాయమా అన్నది వేరు ప్రశ్న.

మూలంలో ఋషి అనుగ్రహవాక్యాన్ని జాగ్రత్తగా పరిశీలించిన, క్రమం ఇట్లున్నది. నీవు తల్లిదండ్రులకు శుశ్రూష చేస్తావు. ఆ శుశ్రూషచేత గొప్ప సిద్ధిని పొందుతావు. జాతిస్మరుడవు కూడ అవుతావు. సిద్ధికి కరణంగా తృతీయావిభక్తితో చెప్పబడినది శుశ్రూష. పూర్వజన్మస్మృతి సముచ్చయార్థకమైన చకారంతో తరువాత చేరినది. అనగా పూర్వజన్మవృత్తాంతం 'ఇట్టివాడు వ్యాధుడుగా ఏల పుట్టినాడు' అన్న ప్రశ్నకు సమాధానం; 'ఈ వ్యాధునికి ప్రజ్ఞ ఎట్లు కలిగినది' అన్న ప్రశ్నకు సమాధానం కాదు. రెండు ప్రశ్నలనూ ఒకటిగా కలుపుటవల్లనే చిక్కు ఏర్పడినది.

ఇంకొక యుక్తి కూడ ఉన్నది. వేదవేదాంగపాండిత్యమే ప్రజ్ఞకు చాలినంత కారణమైన పక్షంలో, ఆ పాండిత్యం నిండుగా ఉన్న జన్మలోనే అది ఫలింపవలసినది. ఫలింపలేదు. చదివినవాడే, చెలిమివెంట పోయి, ఆశ్రమప్రాంతంలో, ఎదుట ఉన్నది ఏమో నిశ్చయింపకుండనే బాణం విడిచినాడు. వ్యాధుడు దానిని తన దోషంగానే చెప్పుకొన్నాడు. కౌశికుని చూపు కొంగను చంపినది, ఆ బ్రాహ్మణుని బాణం ఋషిని కొట్టినది. ఇద్దరూ వేదం చదివినవారే. ఇద్దరిలోను చేతికీ చూపుకూ ముందు నిలువవలసిన క్షణం లోపించినది. కౌశికునిలో వ్యాధుడు తన పూర్వరూపాన్నే చూచినాడు. పూర్వజన్మకథ ఉపాఖ్యానానికి అతుకు కాదనీ, వర్ణవ్యవస్థను కాపాడుటకు మాత్రమే చేర్చినది కాదనీ ఈ సామ్యం తెలుపుతున్నది. వర్ణమర్యాదను కాపాడే ప్రయోజనం కూడ దానికి ఉన్నదన్నమాట మాత్రం కాదనరానిది. శాపాంతంలో ద్విజత్వం వచ్చునని చెప్పుట అందుకే. అయినా ఆ మాట విన్న కౌశికుడు దానికోసం ఆగలేదు. ఇప్పుడే నీవు నా దృష్టిలో బ్రాహ్మణుడవు, దమం సత్యం ధర్మం గలవాడు నడవడిచేతనే ద్విజుడని అతడన్నాడు. శాపం గడువు పెట్టినది. శిష్యుడు ఆ గడువును లెక్కచేయలేదు. భారతం ఈ రెండు మాటలనూ ప్రక్కప్రక్కనే ఉంచి, ఒకదానితో మరొకదానిని కొట్టివేయలేదు.

వివేకానందస్వామి కర్మయోగోపన్యాసాలలో ఈ కథను చెప్పినారు. వానికి 1895-96 సంవత్సరాలు కాలం, న్యూయార్కు స్థలం. అందులో కౌశికుడు పేరులేని యువసన్న్యాసి అయినాడు. పూర్వజన్మవృత్తాంతం పూర్తిగా విడువబడినది. ఆసక్తి లేక స్వధర్మం చేయుటవల్లనే తనకు తెలివి కలిగినదని వ్యాధుడు చెప్పుతాడు. పైన చేసిన విచారాన్ని బట్టి ఈ మార్పు మూలతాత్పర్యానికి దూరం కాదు. కాని సన్న్యాసిని ముసలి తల్లిదండ్రులవద్దకు తిరిగి పంపే ఘట్టం కూడ అందులో లేకపోవుట మాత్రం లోటే. శ్రోతలకు ఉపదేశం మిగిలినది. కౌశికుని ఋణం మిగలలేదు.

భాష్యంలో ధర్మవ్యాధునితోపాటు పేర్కొనబడిన విదురుని విషయం కూడ దీనికి ఉపబలకం. విదురుడు వ్యాసునివల్ల దాసికి పుట్టినవాడు. మాండవ్యశాపంవల్ల అట్లు పుట్టిన యమధర్మరాజని ఆదిపర్వం. ఇక్కడను శాపం పుట్టుకకే కారణం చెపుతున్నది. ఉద్యోగపర్వంలోని ప్రజాగరపర్వంలో అతడు పండితలక్షణాలు చెప్పినాడు. కోపం, హర్షం, గర్వం తన పనినుండి లాగివేయనివాడు, అడుగనిదానిలో దూరనివాడు, పోయినదానికి ఏడ్వనివాడు - ఇట్లు ఆ లక్షణాలు చాలవరకు నడవడికి చెందినవి. చివర బ్రహ్మవిద్య ప్రసక్తి రాగా, తాను శూద్రయోనిలో పుట్టినవాడు కనుక అంతకుమించి చెప్పబోనన్నాడు. సనత్సుజాతుని బుద్ధి మాత్రం తానెరుగుదునన్నాడు. పుట్టుక చెప్పుటకు హద్దు పెట్టినదేగాని తెలియుటకు హద్దు పెట్టలేదు.

ఆ రాత్రి విన్నవాడు ధృతరాష్ట్రుడు. అతనికి ప్రజ్ఞాచక్షువని బిరుదు. నిద్రపట్టక విదురుని పిలిపించినాడు. ఇంకను చెప్పుమని మాటిమాటికి అడిగినాడు. శుశ్రూష ఉన్నది, శ్రవణం ఉన్నది, గ్రహణం కూడ ఉన్నది. విదురుడు చెప్పినది సరియైనదని అంగీకరించినాడు. అంతా విని, పాండవుల విషయంలో తన బుద్ధి అట్లే ఉండుననీ, దుర్యోధనుని దగ్గరకు పోగానే మరల తిరిగిపోవుననీ ఒప్పుకొన్నాడు. భారతంలో ఇంత నిజాయితీ గల వాక్యాలు కొన్నే ఉంటవి, ఇంత నిష్ప్రయోజకమైనవి కూడ కొన్నే ఉంటవి. కౌశికుడు తత్త్వం ఎరుగనివాడు. ధృతరాష్ట్రుడు ఎరిగి నిలుపుకొనలేనివాడు. అభినివేశమన్న పదంలోని పట్టుదల ఎంత అవసరమో తెలుపుటకు అతనికంటె మంచి ఉదాహరణ దొరకదు. రాత్రియంతా మేలుకొన్నాడేగాని తెల్లవారలేదు.

శాంతిపర్వంలోని జాజలి తులాధారసంవాదం కూడ ఈ కోవకు చెందినదే. జాజలి కదలక నిలిచి తపస్సు చేస్తుండగా పిచ్చుకలు అతని జడలలో గూడు కట్టి పిల్లలు పెట్టినవి. అవి ఎగిరిపోవువరకు అతడు కదలలేదు. కౌశికుడు పక్షిని చంపినాడు. జాజలి పక్షిని కాపాడినాడు. ఇద్దరికీ చివరకు పట్టినది గర్వమే, ఇద్దరినీ దించినవారు వర్తకులే - ఒకడు మాంసం అమ్మేవాడు, ఒకడు వారాణసిలో తక్కెడ పట్టినవాడు. దయ కూడ గర్వానికి కారణం కాగలదన్న సూక్ష్మం జాజలికథలోనే ఉన్నది, కౌశికోపాఖ్యానంలో లేదు.

ఇక లక్షణాలకూ సాధనాలకూ గల సంబంధం ఒకటి మిగిలి ఉన్నది. గీత ద్వితీయాధ్యాయంలో అర్జునుడు స్థితప్రజ్ఞుని గురించి అడిగినప్పుడు అతనికేమి తెలుసునని అడుగలేదు. ఎట్లు మాట్లాడును, ఎట్లు కూర్చుండును, ఎట్లు నడచును అని అడిగినాడు. దానికి భాష్యం వ్రాస్తూ శంకరులే ఒక నియమం చెప్పినారు. అధ్యాత్మశాస్త్రంలో అంతటను కృతార్థుని లక్షణాలే సాధకునికి సాధనాలుగా ఉపదేశింపబడుతవి, అవి యత్నసాధ్యాలు కనుక. ఈ నియమాన్ని ధర్మవ్యాధునికి అన్వయించిన, అతని శుశ్రూష సిద్ధికి ముందూ ఉన్నది, సిద్ధి తరువాతనూ ఉన్నది. మొదట సాధనం, పిదప లక్షణం. చూపు వచ్చినది గదా అని అతడు తల్లిదండ్రుల సేవ మానలేదు, అంగడి మూసివేయలేదు. సూత్రభాష్యవాక్యం కంటె ఈ గీతాభాష్యవాక్యమే ఉపాఖ్యానానికి దగ్గర త్రోవ చూపుతున్నది. ఇద్దరూ ఒకే భాష్యకారులైనందున ఈ మాట వారిని కాదనుట కాబోదు.

మానసికదుఃఖాన్ని ప్రజ్ఞతో, శారీరకదుఃఖాన్ని ఓషధులతో పోగొట్టుకొనవలెనని వ్యాధుడు కౌశికునికి చివరగా చెప్పినాడు. కౌశికుడు ప్రదక్షిణం చేసి సెలవు తీసుకొన్నాడు. ఇంటికి పోయి తల్లిదండ్రులకు శుశ్రూష చేసినాడు. ఆ ముసలివారికి చూపు మరల వచ్చినదని గాని, అతనికి ఏ దివ్యజ్ఞానం కలిగినదని గాని కవి చెప్పలేదు. కథ మార్కండేయుడు ధర్మరాజుకు చెప్పినది. రాజ్యం పోయి అడవిలో ఉన్న ఆ శ్రోత, ఇంతకాలం ముహూర్తంవలె గడచినదనీ, వింటూ తనకు ఇంకను తృప్తి తీరలేదనీ అన్నాడు.